పచ్చదీపం

హైమకు వీణ నేర్పింది ఒక యాప్. పుణెలో ఉద్యోగం, పొద్దున లేస్తే ఆఫీసుకు పరుగు. గురువును వెతుక్కునే తీరిక ఎక్కడిది? టాబ్ ఎదురుగా పెట్టుకుని వాయిస్తే చాలు, స్వరం సరిగ్గా పలికినప్పుడల్లా తెర మీద పచ్చదీపం వెలిగేది. కల్యాణి రాగంలో కీర్తనకైతే పలికిన ప్రతి స్వరానికీ పచ్చదీపమే.

కానీ చరణంలోకి వచ్చేసరికి ఎడమచెయ్యి కొయ్యబారిపోయేది. ఎందుకని అడిగితే యాప్ 'శభాష్' అని చప్పట్లు కొట్టేది. అటు చూస్తే దసరాకి తెలుగు సంఘంలో తొలి కచేరీ. పదిమందిలో సగంలో ఆగిపోతే తల ఎత్తుకోలేనని హైమకు భయం పట్టుకుంది. పేరు తీయించేసుకుందామా అనుకుంటూనే, ఎవరో చెబితే బొబ్బిలిలో వీణ నేర్పే అప్పలాచారి మేస్టారికి వీడియో కాల్ చేసింది.

"నా స్వరాల్లో తప్పు లేదు మేస్టారూ. యాప్ ఒప్పేసుకుంది."

"మరైతే నాతో పనేటమ్మా?"

హైమ సంగతి చెప్పింది. వీణ మెట్ల మీద వేళ్లు కనబడేలా ఫోన్ దగ్గరగా పెట్టింది.

"వేళ్లు కాదమ్మా. దూరంగా పెట్టు. నువ్వు మొత్తం కనబడాల."

హైమ వాయించింది. మేస్టారు తల ఊపలేదు, తాళం వెయ్యలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఈయన ఏం పట్టుకుంటారో చూద్దామని హైమకూ కుతూహలమే. చరణంలో మామూలుగానే చెయ్యి మొరాయించింది. ఆగిపోయింది.

"ఎక్కడ తప్పింది మేస్టారూ?"

ఆయనకు వినబడినట్టు లేదు. గట్టిగా మళ్లీ అడిగింది. ఆయన చెవి చూపించి, ఫోన్ పక్కనున్న మీట నొక్కారు.

"ఆఁ, ఇప్పుడు చెప్పమ్మా. సౌండు తీసీసి చూశాను."

హైమకు ఒళ్లు మండింది. "ఇంతసేపూ వినలేదా? వినకుండా ఏం తెలుస్తుంది?"

"చరణం ఎత్తుకోగానే ఊపిరి బిగబట్టావు. మరి వదల్లేదు. భుజం చెవి దాకా లేచిపోయింది." మేస్టారు కాస్త ముందుకు వంగారు. "కళ్లు ఒక్కసారీ వీణ మీద లేవు. ఎదర ఎవరున్నారమ్మా?"

ఎవరూ లేరనబోయింది హైమ. ఎదురుగా ఎప్పటిలా యాప్ తెరిచిన టాబ్ ఉంది. స్వరం పలికాక దీపం వెలిగేదాకా ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణమంతా తాను ఊపిరి బిగబట్టి దీపం కోసమే చూస్తోందని ఇన్నాళ్లూ తనకే తెలియదు. చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది. గట్టిగా ఊపిరి వదిలింది.

టాబ్‌ని బోర్లించింది. వీణ సర్దుకుంది.

మేస్టారు మళ్లీ మీట నొక్కి సౌండు ఇంకాస్త పెంచుకున్నారు.

"వాయించమ్మా. ఇప్పుడు వింటాను."