తెడ్డు వదిలిన చెయ్యి

అనగనగనగా, అరిసె కొరికితే అరిసే విరగాలి గానీ పన్ను విరగకూడదని జనం గట్టిగా నమ్మే రోజుల్లో, మాధవీపట్నం అనే ఊళ్ళో ఒక కోట ఉండేది. ఆ కోటలో పెద్ద వంటశాల. ఆ వంటశాలకు సూరప్ప అనే వంటవాడు.

సూరప్ప చేతివంట అమృతం. కోపం మాత్రం ముక్కు మీదే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎందుకు పెట్టాడో ఆ బ్రహ్మదేవుణ్ణే అడగాలి. కూర మాడితే కట్టెలది తప్పు. పులుసు పలచబడితే చింతపండుది తప్పు. వేలు తెగితే కత్తిపీటది తప్పు. సూరప్పకు మాత్రం ఏనాడూ ఏ తప్పూ అంటలేదు. ఇలాంటివాళ్ళు మీ ఇళ్ళల్లో లేరు కదా? లేకపోతే మంచిదే, కదలకుండా కూర్చుని వినండి.

సూరప్ప దగ్గర ఒక పనసకర్ర తెడ్డు ఉండేది. తాత చేతి నుంచి తండ్రికి, తండ్రి చేతి నుంచి అతనికి వచ్చిన తెడ్డు. కోటలో పాకం పట్టే అధికారం ఆ తెడ్డు ఉన్నవాడిదే. సూరప్ప దాన్ని రోజూ కడిగి, తుడిచి, తలాపున పెట్టుకుని పడుకునేవాడు. అది చెయ్యి జారితే తనకిక పేరూ లేదు, ఊరూ లేదు అనుకునేవాడు.

ఇలా ఉండగా రాజుగారి కూతురికి పెళ్ళయింది. అత్తవారింటికి సారె పంపాలి. దీపాలు పెట్టే వేళకు సారె బండ్లు కదలాలని పురోహితులు ముహూర్తం పెట్టారు. సారెలో ముందు చూసేది అరిసెలనే. ఆ కోటలో ఒక ఆచారం కూడా ఉంది. మొదటి అరిసె రాజమాత కొండమాంబ తినాలి. ఆవిడ నోట్లో ఒక్క పన్నూ లేదు. పన్ను లేని నోట్లో అరిసె కరిగితేనే సారె గడప దాటుతుంది. కరగకపోతే బండ్లు కదలవు.

అరిసె సంగతి మీకు తెలిసిందే. నానిన బియ్యం తడితడిగా దంచి జల్లించిన పిండి ఒక పక్క. పొయ్యి మీద బెల్లం పాకం ఒక పక్క. నీళ్ళ గిన్నెలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కావాలి. ఆ అదను రెప్పపాటే ఉంటుంది. ఆ క్షణానే దించి, ఒకరు తెడ్డు తిప్పుతుంటే ఇంకొకరు పిండి పొయ్యాలి. అదను దాటిందా, అది అరిసె కాదు, రాయి. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపు తెడ్డు వదలొద్దురా అని సూరప్ప తండ్రి పోయేదాకా చెబుతూనే ఉన్నాడు.

పొద్దున్నే సూరప్ప మొదటి వాయికి పాకం పెట్టాడు. గుమ్మం బయట నూకాలమ్మ బియ్యం దంచుతోంది. నూకాలమ్మ మంచి దంపుడుకత్తె, పిండి పూలరేకులా వస్తుంది. ఆవిడకు పాట లేకపోతే రోకలి ఆడదు. ఆ పాటలో ఆవిడకు వచ్చింది ఒక్క చరణం.

“ఏటి గట్టు మీద ఎర్రావు నిలిచే...”

అంతే. ఆ ఎర్రావు ఎందుకు నిలిచిందో, తర్వాత ఎటు వెళ్ళిందో రెండో చరణంలో ఉంటుంది కాబోలు. నూకాలమ్మకు అది రాదు. అందుకని ఎర్రావు మళ్ళీ నిలిచేది. మళ్ళీ నిలిచేది.

సూరప్ప కాసేపు ఓర్చుకున్నాడు. పళ్ళు నూరాడు. ఆ ఆవు మళ్ళీ ఏటి గట్టెక్కేసరికి అతనికి చిర్రెత్తుకొచ్చింది. తెడ్డు పొయ్యి గట్టున పడేసి, గుమ్మం దాకా వెళ్ళి, నూకాలమ్మను ఎడాపెడా కడిగేశాడు. ఆవిడ పాట ఆపి, రోకలి పట్టుకుని, నోరు తెరుచుకుని విన్నది. సూరప్ప తిరిగి వచ్చేసరికి పాకం ముదిరి కూర్చుంది.

మారు పాకం పట్టడానికి మనసొప్పక, దానితోనే అరిసెలు వండి పంపాడు. రాజమాత మొదటి అరిసె నోట్లో పెట్టుకుంది. ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చింది. చివరికి బయటికి తీసి మెట్టు మీద పెడితే ఠంగుమంది.

ఏమిటిదని అడిగితే, అంతా నూకాలమ్మ పాట చేసిన నిర్వాకమని సూరప్ప మొర పెట్టుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అలాగన్నమాట. రాజమాత సరేనని, దంపుడువాళ్ళను పెరటి వసారాకు మార్పించింది.

వంటశాల గోడ మీద ఒక ముసలి బల్లి ఉండేది. మాట్లాడుతుండగా బల్లి పలికితే ఆ మాట సత్యమని అందరి నమ్మకం. సూరప్ప వంటశాలలోకి వస్తూనే, “నూకాలమ్మ వల్లే నా పాకం పోయింది” అని గట్టిగా అన్నాడు. అని బల్లి వంక చూశాడు. బల్లి పలకలేదు. దీనికీ పొగరెక్కింది అని గొణుక్కుని రెండో వాయికి బెల్లం కొట్టాడు.

ఆ బెల్లం మోసుకొచ్చినవాడు కొఠారు చూసే పేరయ్య. తెచ్చినవాడు దించి పోవచ్చు కదా? పోడు. స్తంభానికి చేరగిలబడి నిలబడ్డాడు. పేరయ్యకు ఒక అమ్మమ్మ ఉండేదట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది గానీ మాధవీపట్నంలో ఆవిడ మాట వినని మనిషి లేడు, పేరయ్య వినిపించకుండా వదిలితే కదా. వాళ్ళ అమ్మమ్మ అయితే బెల్లం ఇంత పెద్ద ముక్కలు వేసేది కాదట. వాళ్ళ అమ్మమ్మ అయితే చింతకట్టెలే వాడేదట. వాళ్ళ అమ్మమ్మ అయితే తెడ్డు కుడి నుంచి ఎడమకు తిప్పేదట. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!

సూరప్ప చెవులు ఎర్రబడ్డాయి. మెడ ఎర్రబడింది. చివరికి పాకంలోంచి తెడ్డు తీసి, పేరయ్య ముఖం మీద ఆడిస్తూ, అమ్మమ్మతో మొదలుపెట్టి వాళ్ళ వంశం మొత్తాన్నీ చెరిగి పోశాడు. పేరయ్యకు కోపమైనా రాలేదు, అదింకా మంట. మా అమ్మమ్మ అయితే పాకం మీద ఉండగా మాట్లాడేదే కాదు అన్నాడు చల్లగా.

పాకం అప్పటికే పోయింది.

ఈసారి అరిసెను రాజమాత నోట్లో పెట్టుకోనుకూడా లేదు. వేలితో తట్టి చూసి, కోటగోడకు బీటలు పడినచోట ఇవి పెట్టించండి, ఫిరంగి దెబ్బకైనా కదలవు అన్నది. సూరప్ప చేతులు కట్టుకుని, ఇది పేరయ్య పుణ్యమేనని విన్నవించాడు. రాజమాత అరిసెను పక్కకు నెట్టింది.

“ఒరే సూరప్పా, సరే. పేరయ్యను కూడా రానివ్వను. వంటశాల తలుపులు వేయిస్తాను, పిండి పొయ్యడానికి నువ్వు మనిషి కోసం కేకేసేదాకా ఈగ కూడా నీ జోలికి రాదు. ఇక తడిపిండి ఒక్క వాయికే ఉంది. ఈసారి కూడా రాయే వస్తే, ఆ తెడ్డు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టు.”

సూరప్ప తెడ్డును రొమ్ముకు ఆనించుకుని వంటశాలకు వచ్చాడు. తలుపులు మూశారు. పాట లేదు, అమ్మమ్మ లేదు. పొయ్యిలో కట్టెల చిటపట తప్ప చప్పుడన్నదే లేదు. సూరప్ప పాకం పెట్టి తెడ్డు తిప్పుతూ నిట్టూర్చాడు. ప్రాణానికి హాయిగా ఉంది.

ఎంత హాయిగా ఉంది, ఆ పేరయ్య ఉంటే ఉండనిచ్చేవాడా అనుకున్నాడు. ఈపాటికి ఏదో ఒకటి అనే ఉండేవాడు. మా అమ్మమ్మ అయితే మంట తగ్గించేది అనేవాడు. అంటాడా? అననీ. అంటే నేనూరుకుంటానా?

ఇంకేముంది. సూరప్ప స్తంభం వైపు తిరిగాడు. అక్కడ పేరయ్య లేడు. లేకపోతే ఏం, సూరప్ప జవాబు చెప్పాడు. లేని పేరయ్య ఎదురు చెప్పాడు. సూరప్ప దానికీ జవాబు చెప్పాడు, అది ఇందాక చెప్పినదానికంటే చాలా బాగా కుదిరింది. చేతులు తిప్పుతూ చెబితే ఇంకా బాగుంటుందని తెడ్డు పొయ్యి గట్టున పెట్టాడు. మధ్యలో నూకాలమ్మ ఎర్రావును కూడా పిలిచి నాలుగు తిట్టాడు. లేని మనుషులందరినీ నోరెత్తకుండా చేసి, గెలిచి, మీసం దువ్వుకునేసరికి మాడు వాసన కొట్టింది.

సూరప్ప గిర్రున తిరిగాడు. పాకం నల్లబడి గిన్నెకు అంటుకుపోయింది.

ఎవరి వల్ల జరిగిందా అని అలవాటు ప్రకారం చుట్టూ చూశాడు. తలుపులు మూసి ఉన్నాయి. స్తంభం దగ్గర ఎవరూ లేరు. ప్రాణమున్నది ఇంకొక్కటే కనబడింది, గోడ మీద బల్లి.

అప్పుడు సూరప్పకు ఒక ఉపాయం తోచింది. పాకంలో బల్లి పడిందని చెబితే? బల్లి పడిన పాకం ఎవరైనా పారబోస్తారు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. తెడ్డు తన దగ్గరే ఉంటుంది. చీపురు దెబ్బ బల్లికి పడుతుంది, పడితే పడనీ.

బల్లి గొంతు సవరించుకుంది. ఆ కాలంలో బల్లులు అవసరమైతే మాట్లాడేవి.

“నా పేరు చెప్పబోతున్నావు కదూ. చెప్పు, నమ్ముతారు. పొద్దున్న నుంచి ఒక్క నిజమైనా వినబడితే పలుకుదామని ఈ గోడ పట్టుకుని వేలాడుతున్నాను. ఒక్కసారైనా పలికే సందు ఇచ్చావా? నాకూ విసుగొస్తోంది సూరప్పా. కాకపోతే నా విసుగు నేను మింగుతున్నాను, నీ గిన్నెలో పొయ్యటం లేదు.”

సూరప్ప పొయ్యి ముందు కూలబడ్డాడు. నూకాలమ్మ పెరట్లో ఉంది. పేరయ్య కొఠారులో ఉన్నాడు. మరి ఇక్కడ ఇంతసేపూ మండిపడింది ఎవరు? ఆ ప్రశ్నకు ఎంత వెదికినా ఒక్క పేరే తగిలింది. సిగ్గుతో తల వాలిపోయింది. తెడ్డు పోతుందన్న భయంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెడ్డుకు అంటిన పాకం కడిగి, పైపంచెతో తుడిచి, రాజమాత దగ్గరకు వెళ్ళాడు.

ఈసారి ఎవరురా అని అడిగింది రాజమాత.

బల్లి పడిందన్న మాట సూరప్ప నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట మింగేశాడు. తెడ్డును ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి లేచాడు.

“ఎవరూ లేరమ్మా. నేనొక్కణ్ణే ఉన్నాను. లేనివాడితో పోట్లాడుతూ తెడ్డు వదిలాను. పొద్దున్న వదిలిందీ నేనే, మధ్యాహ్నం పాకంలోంచి తీసిందీ నేనే. వాళ్ళు విసిగించిన మాట నిజమే. తెడ్డు వదలమని మాత్రం ఎవరూ అనలేదు.”

ముసలి బల్లి అతని వెనకాలే ఎప్పుడు పాకి వచ్చిందో, గుమ్మం పైనుంచి కిచకిచమని పలికింది. పొద్దున్న నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే పలికింది.

రాజమాత మంచం పట్టె మీద వేలితో తట్టి, సత్యం అంది. తెడ్డు తీసి అతని చేతికే ఇచ్చింది. పాకం మళ్ళీ పట్టవచ్చు గానీ ఈ మాట మళ్ళీ మళ్ళీ దొరకదు, ఉన్న ఒక్క వాయి పిండితో వండుకురమ్మంది. అరిసె ఒంటిచేత్తో అయ్యే వంట కాదు గనక నూకాలమ్మనూ పేరయ్యనూ పిలవమంది. పిలవాల్సింది అతనేనంది. సూరప్పకు అన్నిటికంటే ఆ పనే కష్టమైంది. అయినా వెళ్ళి పిలిచాడు.

ఇక వాళ్ళు మారిపోయి, బుద్ధిగా నోరు మూసుకుని పని చేశారనుకుంటున్నారు కదూ? మీరెంత అమాయకులు. మనకు బుద్ధి వచ్చిందని లోకం పాట మారుస్తుందా? నూకాలమ్మ గుమ్మంలో పిండి జల్లిస్తూ ఎర్రావును ఏటి గట్టు మీద నిలబెట్టింది. పేరయ్య పిండి చేట పట్టుకుని స్తంభానికి చేరగిలబడ్డాడు.

పాకం పొంగు పట్టింది. సూరప్ప చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. కోపం రాకుండా ఎక్కడికి పోతుంది, పాత చుట్టమాయె. వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది నా కోపమే, వచ్చింది, ఓ మూల కూర్చోనీ, తెడ్డు మాత్రం దాని చేతికివ్వను అనుకున్నాడు. అనుకుంటూ తిప్పాడు. ఎర్రావు నిలిచింది. తిప్పాడు. మళ్ళీ నిలిచింది. తిప్పాడు.

“మా అమ్మమ్మ అయితే ఈపాటికి దించేది” అన్నాడు పేరయ్య.

సూరప్ప పళ్ళు పటపటమన్నాయి. చెయ్యి మాత్రం తెడ్డు వదల్లేదు. రెండో చేత్తో నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూశాడు. మెత్తటి ఉండ. ఖర్మ ఏమిటంటే, అమ్మమ్మ చెప్పింది సరిగ్గా సరిపోయింది. సూరప్ప ఆ మాట పైకి అనలేదు. అంత పెద్ద మనసు ఒక్కపూటలో రాదు. గిన్నె దించి, పిండి పొయ్యవయ్యా పేరయ్యా అన్నాడు. పేరయ్య పోశాడు, సూరప్ప కలిపాడు.

దీపాలు పెట్టే వేళకు రాజమాత మొదటి అరిసె నోట్లో పెట్టుకుంది. బుగ్గలు మార్చలేదు. కళ్ళు మూసుకుంది. అరిసె కరిగిపోయింది. ఆవిడ రెండోదానికి చెయ్యి చాచింది. సారె బండ్లు గడప దాటాయి.

మర్నాడు పొద్దున్నే పేరయ్య వంటశాలకు వచ్చి, పులుసులో బెల్లం వేసే విధం మొదలుపెట్టాడు. వాళ్ళ అమ్మమ్మ అయితే ఎలా వేసేదో మొత్తం చెప్పాడు. సూరప్ప వింటూ, కుతకుతలాడుతూ, తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు.

విసుగు తెప్పించేవాళ్ళు వెయ్యిమంది ఉంటారు. పాకం ముదిరేది మాత్రం తెడ్డు వదిలిన మన చేతి వల్లే.