పద్దెనిమిది మెట్ల పెత్తనం

కేతవరం రాజు జయకేతుడికి ఓ ముచ్చట పుట్టింది. అవయవలోపం ఉన్న కళాకారుల్ని నాయకులుగా తీర్చిదిద్దాలట!

ఆ పని సంగీతశాల అధిపతి త్రిలోచన పంతులుకు అప్పగించాడు. పంతులు ఆరేళ్ళపాటు పాఠాలు చెప్పాడు. తల ఎలా ఎత్తాలి, దండ వేయించుకునేటప్పుడు ఎలా నవ్వాలి, అన్నీ నేర్పాడు. పదవి మాత్రం ఒక్కరికీ ఇవ్వలేదు.

ఇంతలో వసంతోత్సవాల పెత్తనం ఖాళీ అయింది. వీణ నాంచారమ్మ ఆ పదవి అడిగింది. ఆమెకు చిన్నప్పుడే కాళ్ళు పడిపోయాయి, చెక్కబండి మీద తిరుగుతుంది. ఏటా కచేరీల ఏర్పాట్లన్నీ చేసేది ఆమే. పేరు మాత్రం పంతులుది.

పంతులు మనసులో ఉన్నది తన బావమరిది. తంబురా ఎటు పట్టుకోవాలో కూడా తెలియని మహానుభావుడు!

"ప్రభూ, వేదికకు పద్దెనిమిది మెట్లు. సొంత కాళ్ళతో ఎక్కలేనివాళ్ళు పెత్తనమేం చేస్తారు?" అన్నాడు పంతులు.

రాజు తల ఊపాడు.  నాంచారమ్మ నవ్వింది.

"మంచి నియమం ప్రభూ. నోటిమాటగా వదిలేస్తే రేపు ఎవరో ఒకరు మెత్తబడతారు. శాసనంగా రాయించండి."

పంతులు పొంగిపోయాడు. 'ఎంతటివారైనా సరే, సొంత కాళ్ళతో మెట్లెక్కనివారు వేదిక మీద పెద్దరికానికి తగరు' అని తన చేత్తోనే రాశాడు. రాజు ముద్ర వేశాడు.

ఉత్సవం నాటి ఉదయం ఊరంతా చేరింది. ఎప్పటిలాగే రాజుగారి పల్లకి వేదిక వెనక ఏటవాలు దారి పట్టింది. నాంచారమ్మ బండి అడ్డం పెట్టింది.

"బోయీలూ, ఆగండి నాయనా! ప్రభువులు దిగి మెట్లెక్కాలి. శాసనం."

రాజు మెట్ల వంక చూశాడు, తన బొజ్జ వంక చూసుకున్నాడు. పంతులు పరుగెత్తుకొచ్చాడు.

"అది ప్రభువులకు కాదమ్మా!"

"'ఎంతటివారైనా' అని రాసింది తమరే కదండీ?"

 ఆమె రాజుకు చేతులు జోడించింది.

"రాజ్యం ఏలేవారు ఎనిమిది మంది భుజాల మీద ఎక్కవచ్చు గానీ, కచేరీ నడిపేది నాలుగు చక్రాల మీద ఎక్కకూడదా ప్రభూ?"

రాజు పల్లకి ఊగిపోయేలా నవ్వాడు. బోయీలకూ నవ్వు ఆగలేదు. రాజు శాసనం తెప్పించి చింపేశాడు, మెడలో హారం తీసి నాంచారమ్మ చేతిలో పెట్టాడు.

"పెత్తనం నీదే తల్లీ. ముందు నీ బండి ఎక్కించు. నా పల్లకి వెనక వస్తుంది!"