కొత్త కుండకు ఎన్ని వారాల బాకీ

హుసేనప్ప గురువారం పొద్దున్నే సైకిలు వెనక కుట్టుమిషను కట్టుకుని దర్గాకు వచ్చాడు. మిషను వాడిది కాదు, పెళ్ళాం ఓబుళమ్మది. ఊళ్ళో సగం మంది జాకెట్లు దాని మీదే కుట్టి ఆమె ఇల్లు నెట్టుకొస్తోంది. దాన్ని అమ్మేసి, వచ్చిన డబ్బు మొత్తం పెట్టి ఏడుతో ముగిసే లాటరీ టికెట్లు కొనాలని హుసేనప్ప తీర్మానం. అమ్మబోయే ముందు మౌలాలి తాత దీవెన ఒకటి తీసుకుంటే పోలేదా అని ఇటు తిరిగాడు.

మౌలాలి తాత అంటే ఫకీరు. తన గురువు సమాధి దగ్గర ముప్పై ఏళ్ళుగా ఊడ్చుకుంటూ, వచ్చినవాళ్ళకింత అన్నం పెట్టుకుంటూ ఉంటున్నాడు. ఆ రోజుల్లో పెన్న ఒడ్డు ఊళ్ళల్లో వీధికొక లాటరీ కొట్టు ఉండేది. జనానికి తాత నంబర్లు చెప్పే మహానుభావుడు. ఆయనేమో ఒక్క నంబరు కూడా చెప్పి ఎరగడు. అయినా ఆగితేనా? తాత రెండుసార్లు దగ్గితే రెండు. నాలుగు రొట్టెలు తింటే నాలుగు. ఒకసారి ఐదు వేళ్ళతో వీపు గోక్కుంటే సాయంత్రానికి ఐదు నంబరు టికెట్లకు కరువొచ్చింది.

వాళ్ళను చూసి హుసేనప్పకు ఒకటే నవ్వు. వాడు గణాంకశాస్త్రంలో డిగ్రీ చదివినవాడు, సర్కారీ ఆఫీసులో పంటల లెక్కలు రాసేవాడు. తాత దగ్గర ఆరేళ్ళుగా శిష్యరికం చేస్తున్నా, ఆ శిష్యరికం వాడి గర్వానికి ఇంకా తగల్లేదు.

"ఏమప్పా, మిషను చెడిపోయిందా?" అన్నాడు తాత.

"బాగానే ఉంది తాతా. అమ్మేస్తా ఉండా."

"ఓబుళమ్మ ఏమనింది?"

"ఏమీ అనలేదు."

అబద్ధం కాదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె వాడితో ఏదీ అనడం లేదు.

హుసేనప్ప సంచిలోంచి ఏడు నోటుపుస్తకాలు తీసి చాప మీద పేర్చాడు. నాలుగేళ్ళ లాటరీ ఫలితాలు అవి. ఏ అంకె ఏ వారం వచ్చింది, ఎన్నాళ్ళకొకసారి వస్తోంది, అన్నీ గళ్ళు గీసి, రంగు పెన్సిళ్ళతో రాసి పెట్టాడు. ఆ రాత చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

"నేను దగ్గు లెక్కపెట్టేవాళ్ళ మాదిరి కాదు తాతా. ఇది శాస్త్రం. చివర ఏడు వచ్చి నలభై ఒక్క వారాలు దాటింది. అన్నాళ్ళు రాని అంకె ఈ ఆదివారం రాక యాడికి పోతుంది?"

తాత పుస్తకం తిరగేసి చూశాడు. "ఈ పొద్దు చీటీ తీయాల. రా" అని లేచాడు.

ఆ దర్గాలో ప్రతి గురువారం అన్నం వడ్డిస్తారు. మొదటి గరిటె పట్టడం గొప్ప గౌరవం. దానికోసం పన్నెండు ఇళ్ళవాళ్ళు పోటీ పడతారు గనక, పేర్లు చీటీల మీద రాసి ఒక పాత కుండలో వేసి తీస్తారు. గాజులమ్ముకునే బీబమ్మ పేరు వచ్చి ఏడాది కావస్తోంది. పాపం, ప్రతి వారం చేతులు కడుక్కుని నిలబడుతుంది, ప్రతి వారం తుడుచుకుని పోతుంది.

"నీ శాస్త్రం ఈ పొద్దు ఎవరి పేరు చెప్తుంది?" అన్నాడు తాత.

హుసేనప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బీబమ్మదే. ఈ కుండ ఆమెకు యాభై వారాల బాకీ."

బీబమ్మ ఆ మాట విని కొంగు బిగించింది.

తాత కుండలో చీటీలన్నీ కండువాలోకి ఒంపాడు. ఆ కుండను పక్కన పెట్టి, వంటింటి అటక మీంచి ఇంకో కుండ దించాడు. మొన్న సంతలో కొన్నది, ఇంకా నీళ్ళు కూడా తాకలేదు. లోపల మట్టి వాసన వేస్తోంది. పన్నెండు చీటీలూ అందులో వేసి హుసేనప్ప ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు చెప్పు. ఈ కుండ బీబమ్మకు ఎన్ని వారాల బాకీ?"

హుసేనప్ప కుండను అటూ ఇటూ తిప్పాడు.

కుండను చూశాడు. పక్కనున్న పాత కుండను చూశాడు. అదీ మట్టే, ఇదీ మట్టే. అందులో ఉన్నవీ ఆ పన్నెండు చీటీలే. వెనకటి వారాల్లో ఏమొచ్చిందో ఏ కుండకూ గుర్తుండదు. డిగ్రీలో ఈ పాఠం వాడు చదివాడు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. నాలుగేళ్ళుగా రంగు పెన్సిళ్ళతో దాన్నే కప్పెడుతూ వచ్చాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తాత చీటీ తీశాడు. పోయిన వారం వచ్చిన పేరే మళ్ళీ వచ్చింది. బీబమ్మ చేతులు తుడుచుకుంది.

ఇంతలో వంటమనిషి మాబూసాబు గొణుక్కుంటూ వచ్చాడు. వచ్చే గురువారం గంధం ఉత్సవం. ఎంతమందికి వండాలో తెలియక చస్తున్నాడు. రెండేళ్ళ కింద అన్నం మిగిలి ఏటిపాలు చేశారు. నిరుడు చాలక మూడొందల మంది ఆకలితో వెనక్కి పోయారు. పిల్లలనెత్తుకున్న తల్లులు కూడా ఉన్నారు వాళ్ళల్లో. ఆ రోజు తాత మూడు పూటలు ముద్ద ముట్టలేదు.

"ఈసారి కూడా అట్లా జరిగితే నేను గరిటె కింద పెట్టేస్తా తాతా. ఆ మొగాలు చూడలేను" అన్నాడు మాబూసాబు.

తాత హుసేనప్ప సంచిలోంచి కొత్త నోటుపుస్తకం ఒకటి తీసి, పెన్సిలుతో సహా వాడి చేతిలో పెట్టాడు.

"ఈయన అడిగినదానికి చెప్పు" అన్నాడు. అంతే. పొయ్యిలో కట్టెలు సర్దడానికి వెళ్ళిపోయాడు.

హుసేనప్ప మిషను ఇంటికి తిరిగి తెచ్చి కిటికీ దగ్గర పెట్టాడు. ఓబుళమ్మ ఏమీ అనలేదు. కానీ వెంటనే సూదికి దారమెక్కించింది.

ఆ వారమంతా వాడు ఆఫీసుకు సెలవు పెట్టి తిరిగాడు. విస్తరాకుల కొట్టువాణ్ణి పట్టుకుని అయిదేళ్ళుగా గంధానికి ఎన్ని కట్టలు పోయాయో రాబట్టాడు. ఏటవతల ఊళ్ళల్లో వేరుశెనగ పీకడం అయిందా లేదా అని చేను చేనుకూ పోయి చూశాడు. పని తీరితేనే జనం కదుల్తారు. కొత్తగా వేసిన బస్సు ఎంతమందిని దించుతోందో స్టాండులో నిలబడి లెక్కపెట్టాడు. వాన సూచన కనుక్కున్నాడు. బుధవారం సాయంత్రానికి పుస్తకం మూసి, "పద్దెనిమిది వందల నలభై మంది" అన్నాడు.

మాబూసాబు నెత్తి పట్టుకున్నాడు. "నిరుడు పన్నెండొందలే కదయ్యా వచ్చింది! ఇంతన్నం మిగిలితే ఏట్లో పోసేది నువ్వా?"

"వండు" అన్నాడు తాత.

గురువారం పొద్దెక్కింది. అన్నం గుట్టలు పోసి ఉంది. మధ్యాహ్నానికి ఆరొందల మంది కూడా లేరు. హుసేనప్ప పంక్తుల్లో తలలు మళ్ళీ లెక్కపెట్టాడు. లాటరీలో పోతే తన ఇల్లొక్కటే పోయేది. ఇక్కడ పోతే తాత గడప పరువు పోతుంది, మాబూసాబు గరిటె కింద పెడతాడు. రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఒంటిగంట దాటాక ఏటవతల నుంచి మొదటి ట్రాక్టరు దిగింది. దాని వెనక ఇంకొకటి. ఆ తరవాత బస్సు, టాపు మీద కూడా మనుషులు. మళ్ళీ బస్సు. చేతులకింకా చేను మట్టి పోని మనుషులు పిల్లలను భుజాలకెత్తుకుని మెట్లెక్కుతూనే ఉన్నారు. ఆ రోజు చీటీ తీసే తీరిక ఎవరికుంది? పన్నెండు ఇళ్ళవాళ్ళూ గరిటెలు పట్టారు. బీబమ్మ ఎడమ చేత్తో చెమట తుడుచుకుంటూ, కుడి చేత్తో వడ్డిస్తూ, ఎవరో చాలని చేతులతో ఆకు కప్పబోతే కసిరింది. "ఇంకో గరిటె పెట్టించుకోరా, నా చేత్తో పెడతా ఉండా."

పొద్దు వాలేటప్పటికి ఆఖరి పంక్తి లేచింది. హుసేనప్ప మిగిలిన విస్తళ్ళు లెక్కపెట్టాడు. తెచ్చినవి పద్దెనిమిది వందల యాభై. మిగిలినవి తొమ్మిది.

పద్దెనిమిది వందల నలభై ఒకటి.

మాబూసాబు అన్నం వండిన పెద్ద దేగిసా అడుగు గీకాడు. ఒక్క మెతుకు లేదు. ఆకలితో తిరిగిపోయినవాడూ ఒక్కడు లేడు. ఎన్నడూ ఎవరినీ మెచ్చుకోని మనిషి, వచ్చి హుసేనప్పను అమాంతం ఎత్తేశాడు. జనం ఈలలేశారు. ఓబుళమ్మ సమాధి మీద కప్పడానికి తాను కుట్టి తెచ్చిన ఆకుపచ్చ చాదరు తాత చేతికిచ్చి, మొగుడి వైపు తిరిగి ఎనిమిది రోజుల తరవాత మొదటి మాట అంది. "ఒకటి తప్పినావు."

వాడు నవ్వేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తాతకు సంతోషం పట్టలేదు. ఖాళీ దేగిసాను రెండు చేతులతో వంచి అందరికీ చూపించాడు. ముందు వరుసలో ఉన్న ఒకాయన లోపలికి తొంగి చూసి, "సున్నా" అని గట్టిగా ఊపిరి పీల్చుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా లాటరీ కొట్టు వైపు పరుగెత్తాడు. ఆయన వెనక ఇంకో పది మంది.

వాళ్ళు పోయిన దిక్కు చూసి తాత చాలాసేపు నవ్వాడు. తరవాత దేగిసాను హుసేనప్ప ముందుకు జరిపాడు.

"వాళ్ళకు సున్నా కనపడింది. నీకేం కనపడింది?"

హుసేనప్ప ఖాళీ దేగిసాలోకి చూశాడు. తల తిప్పి, మెట్ల మీద చేతులు కడుక్కుంటున్న జనాన్ని చూశాడు. మోకాళ్ళ మీద కూచుని, కొబ్బరిపీచు తీసుకుని దేగిసా తోమడం మొదలుపెట్టాడు.