పన్నెండు గీతల పొలుసు

కొల్లేటి లంకలో పెద్దిరాజు అనే జాలరి ఉండేవాడు. పెద్ద చేప కోసం కలలు కనేవాడే గాని, చిన్న చేపను బతకనిచ్చేవాడు కాదు.

వాళ్ల నాన్న ఒకప్పుడు మోయలేక మోసేంత పెద్ద బొచ్చె చేపను పట్టాడు. దాని పొలుసు ఒకటి సున్నం డబ్బాలో దాచి పోయాడు. ఎండకేసి పట్టుకుంటే దాని మీద పన్నెండు గీతలు కనిపించేవి. ఏడాదికో గీత. అంటే ఆ చేపకు పన్నెండేళ్లన్నమాట. పెద్దిరాజు వల భుజాన వేసుకునే ముందు రోజూ ఆ డబ్బా తెరిచి చూసుకునేవాడు. అలాంటి చేపను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, రెండు చేతులా ఎత్తుకోవాలని అతని ప్రాణం కొట్టుకుపోయేది.

ఆ లంకలో మడుగులు ఇంటింటికీ పంచుకునే ఆచారం. పెద్దిరాజు వాటా మడుగులో ఇంకెవరూ వల వేయరు. అయినా ఏం లాభం? వేలు కూడా దూరని సన్నకన్ను వల అతనిది. బెత్తెడు పిల్ల కూడా తప్పించుకునేది కాదు. బుట్ట నిండేది గాని మొహం వాడిపోయేది. కొల్లేరు గొడ్డుపోయిందని, నాన్న రోజులే వేరని కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు.

విని విని భార్య ఆదెమ్మకు విసుగొచ్చింది. ఒకరోజు చేపలు తోముతూ పది పొలుసులు ఏరి అతని అరచేతిలో పోసి, గీతలు లెక్కపెట్టమంది. దేనికీ ఒకటికి మించి లేదు.

"చేప బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుందయ్యా," అంది ఆదెమ్మ. "నువ్వు రెండో ఏడు రానిస్తే కదా?"

పెద్దిరాజు ఆ పొలుసులన్నీ మళ్లీ ఎండకేసి చూశాడు. ఇన్నేళ్లూ తాను వెతుకుతున్న చేపను ఏటేటా తానే కూర వండించుకు తిన్నాడు మరి! ఆ వారమే పిడికిలి దూరేంత కన్నుతో కొత్త వల అల్లుకున్నాడు. లంకంతా నవ్వింది. ఎన్నో పూటలు ఇంట్లో ఉత్త చారే గతయింది. జుట్టు నెరిసింది, చూపు మసకబారింది. డబ్బా తెరవడం మాత్రం మానలేదు.

తొమ్మిదో ఏట ఒక పొద్దున వల కదల్లేదు. ఆదెమ్మ కూడా నీళ్లలోకి దిగి లాగింది. బొచ్చె! పెద్దిరాజు దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. ఆదెమ్మ ఒక పొలుసు ఊడదీసి ఎండకేసి చూసింది.

"ఎన్ని?" అన్నాడు.

"తొమ్మిది."

పెద్దిరాజు చేపను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చేతులు వదలనంటున్నాయి. చివరికి మోకాలిలోతు నీళ్లలోకి వంగి, మెల్లగా చేతులు విప్పేశాడు.

ఇంకో మూడేళ్లకు మళ్లీ దొరుకుతుందా అని ఆదెమ్మ అడిగింది.

"అప్పటికి నేనుంటానో లేదో," అన్నాడు పెద్దిరాజు. "అది ఉండాలి."

ఆ పొలుసును నాన్న పొలుసు పక్కనే డబ్బాలో పెట్టుకున్నాడు.

నీతి: దేన్నయినా పెద్దగా చూడాలని ఆశపడేవాడు, ముందు దానికి వయసు రానివ్వాలి.