పచ్చనీళ్ళ జాడీ

తాను సముద్రం దగ్గరికి వెళ్ళడమేమిటి, సముద్రమే తన దగ్గరికి రావాలని విక్కిరాజుగారికి ఓ రోజు తోచింది. రాజుకి తోచడమే ఆలస్యం, కొలువులో గాజుతొట్టి వెలిసింది. అందులో ఉప్పునీళ్ళు, రంగురంగుల చేపపిల్లలు, వాటి మేతకని సముద్రంలోంచే తెచ్చిన నలుసంత పురుగులు.

తొట్టి బాధ్యత విదూషకుడు గవరయ్య నెత్తిన పడింది.

"ఒక్క చేప తేలిందా, నువ్వు ఊరు దాటాల్సిందే" అన్నారు రాజుగారు నవ్వుతూనే. రాజుల నవ్వు నమ్మి ఎవడు బాగుపడ్డాడు?

చేపలు పురుగుల్ని తింటాయి, సరే. మరి పురుగులేం తింటాయి? సముద్రం పచ్చబడ్డ చోటే చేపలు మూగుతాయని జాలర్లు అనడం అతనికి గుర్తొచ్చింది. ఆ పచ్చనీళ్ళు జాడీకెత్తి, ఎండలో పెట్టి అందులోని పాచిని పెంచి, రోజూ ఓ గరిటెడు తొట్టిలో పోశాడు. పురుగులు పిల్లాపాపలతో కళకళలాడాయి. చేపలు నిగనిగలాడాయి.

అది చూసి వంటశాల పెద్ద చయనులుగారికి కడుపు మండింది. తిండి వ్యవహారమంతా తనది కదా మరి. జీడిపప్పూ కుంకుమపువ్వూ నూరి, బిందెడు ఉప్పునీళ్ళలో కలిపి, ఊరగాయలా బాగా ఊరితేనే రుచని మూతపెట్టి కొన్నాళ్ళు ఊరబెట్టాడు. ఆపైన సభకి మోయించుకొచ్చాడు.

"ప్రభూ, ఈ గవరయ్య తొట్టిలో పాచి పోస్తున్నాడు. అది విషం. ఇతణ్ణి తరిమేసి మేత నాకప్పగించండి."

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమయ్యా, నిజమేనా?"

"పాచి మాట నిజమే ప్రభూ. విషమో కాదో తేల్చడానికి మన కోటలో ఆచారముందిగా. వడ్డించేవాడే ముందు రుచి చూడాలి. ఆ ఆచారం పెట్టించిందీ చయనులుగారే."

అంటూనే గవరయ్య తొట్టి పక్కనున్న తన జాడీ ఎత్తి నాలుగు గుక్కలు తాగి, ఉప్పుకి మొహం చిట్లించి, మూతి తుడుచుకున్నాడు. "ఇక తమరి వంతు, బాబూ."

చయనులు బిందె మూత తీశాడు. సభంతా ఉత్తరీయాలతో ముక్కులు మూసుకుంది. ఆయన గరిటె నోటిదాకా వెళ్ళి కిందికి దిగిపోయింది.

"జీడిపప్పేగా, ఇలా ఎందుకైంది?" అన్నారు రాజుగారు.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"చచ్చిన మేత తినకపోతే కుళ్ళుతుంది ప్రభూ. బతికున్న మేత, తినేవాళ్ళొచ్చేదాకా పచ్చగా కాచుకునుంటుంది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు, సభ గొల్లుమంది. తన చేతి కడియం తీసి గవరయ్యకి తొడిగారు.

"తొట్టి నీదేనయ్యా. చయనులుగారూ, బిందె మీది. మీరే మోసుకెళ్ళండి."