తమ్ముడు లేని ఇద్దరు అన్నలు

అనగనగా ఒక వాగు. వాగుకు ఇటు ఒక రాజు, అటు ఒక రాజు. ఇటువాడు ఎర్రమరాజు, అటువాడు కొమ్మరాజు. ఇద్దరూ ఒక్క తల్లి కడుపున ఒక్కనాడే పుట్టిన కవలలు.

వాళ్ళ తండ్రి పోతూ పోతూ రాజ్యాన్ని చెరిసగం పంచి ఇచ్చాడు. నేల పంచాడు, గుర్రాలు పంచాడు, పట్టపుటేనుగు ఒక్కటే ఉంటే దానికి జోడు తెప్పించి మరీ పంచాడు. ఎవరు అన్నో, ఎవరు తమ్ముడో మాత్రం తేల్చకుండా కన్ను మూశాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ సీమలో దసరానాటి సాయంత్రం అందరూ జమ్మిచెట్టుకు పూజ చేసి ఆకు తెంపుకుంటారు. ఆ ఆకునే బంగారం అంటారు. చిన్నవాళ్ళు దాన్ని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి మొక్కుతారు. పెద్దవాళ్ళు లేవనెత్తి గుండెలకు హత్తుకుంటారు. బంగారం చేతులు మారిందంటే పాత పగలన్నీ ఆనాటితో సరి.

మరి ఈ రాజులిద్దరిలో ఎవరు ఎవరికివ్వాలి? "నేనే అన్నను, వాడే తెచ్చి ఇవ్వాలి" అని ఇతడు. "అన్నను నేనైతే నేనెలా ఇస్తాను?" అని అతడు. అలా మాటలు ఆగిపోయాయి.

మాటలు ఆగితే ఆగాయి, నీళ్ళు మాత్రం ఆగలేదు. ఆ ఏడు వచ్చిన వరదకు వాగు మీది ఆనకట్ట నడుమ గండి పడింది. రెండు ఒడ్లవాళ్ళూ కలిసి రాళ్ళు వేస్తేగాని అది పూడదు. "ముందు బంగారం తెమ్మనండి, తరువాత రాయి వేయిస్తాను" అని ఇద్దరూ భీష్మించుకు కూర్చున్నారు. నీరంతా గండిలోంచి పారిపోయింది, పొలాలు ఎండిపోయాయి.

మొదటి దసరాకు మంత్రులు బతిమాలి ఇద్దరినీ ఆనకట్ట మీదికి తీసుకువచ్చారు. గండికి ఇటొకరు, అటొకరు నిలబడి చేతులు చాచారు. ఇవ్వడానికి కాదు, పుచ్చుకోవడానికి! పొద్దు గుంకేదాకా అలాగే నిలబడి, భుజాలు నొప్పెట్టి ఇళ్ళకు పోయారు.

రెండో దసరాకు ఒక జ్యోతిష్కుడు వచ్చాడు. ఇటు ఒడ్డున "ప్రభువులే జ్యేష్ఠులు, రెండోవారే రావాలి" అని చెప్పి ఒక శాలువా కప్పించుకున్నాడు. అటు ఒడ్డున అదే మాట చెప్పి మరో శాలువా కప్పించుకున్నాడు. సంగతి బయటపడేసరికి ఆయన ఏ ఒడ్డునా లేడు. రాజులు మాత్రం మునుపటికన్నా బిగుసుకున్నారు.

మూడో ఏట వానలు ముఖం చాటేశాయి. తాగే నీటికి కూడా కటకట వచ్చింది. రెండు ఒడ్ల రైతులూ బండ్లలో సామాన్లు సర్దుకున్నారు. "దసరా చూసి వెళ్ళిపోతాం" అన్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

రాజమాత మైలమాంబ ఆ బండ్లను చూసింది. ఆవిడ ఎవరింట ఉన్నా రెండోవాడు అలుగుతాడని వాగు నడుమ లంకలో ఇల్లు కట్టుకుని ఉంటోంది, పాపం. దసరానాడు పొద్దున్నే ఎర్రమరాజును పిలిపించింది.

"నాయనా, నువ్వే పెద్దవాడివి" అంది.

ఎర్రమరాజు ముఖం వెలిగిపోయింది. "నేను మొదటినుంచీ చెప్పలేదూ! అయితే వాణ్ణి రమ్మను."

"చిన్నవాడు, మొండివాడు, వాడెక్కడ వస్తాడు? చిన్నప్పుడు వాడు అలిగి పడుకుంటే నీ కంచంలో ముద్ద తీసుకెళ్ళి తినిపించలేదూ? ఇప్పుడూ అంతే అనుకో. నువ్వే వెళ్ళి ఇచ్చిరా."

ఎర్రమరాజుకు ఆ ముద్ద గుర్తుకొచ్చింది. సరేనంటూ లేచి వెళ్ళాడు.

మధ్యాహ్నం కొమ్మరాజు వచ్చాడు. ఆవిడ అక్షరం పొల్లుపోకుండా అతడికీ అదే చెప్పింది. అలిగినవాడికి ముద్ద తినిపించడం ఇద్దరూ చేసినదే మరి.

సాయంత్రం గండిలో పాదాలు తడిసేపాటి నీళ్ళలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఎవరి చేతిలో వాళ్ళకు జమ్మి ఆకు.

"తమ్ముడూ, ఇదిగో బంగారం!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఒకరి ఆకు ఒకరి చేతిలో పడింది.

"తమ్ముడా? ఎవరు తమ్ముడు?" అని ఎర్రమరాజు కళ్ళెర్రజేశాడు. కొమ్మరాజు మీసం మెలివేశాడు. రెండు ఒడ్లమీదా జనం ఊపిరి బిగబట్టారు. కాని ఆకు అప్పటికే అరచేతిలో ఉంది. పుచ్చుకున్నాక పగ ఎలా పట్టేది? ముందు ఒకరికి నవ్వొచ్చింది, తరువాత ఇద్దరికీ వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కౌగిలించుకుని ఏడ్చేశారు.

"అమ్మా, ఇప్పటికైనా నిజం చెప్పు. పెద్దవాడెవడు?" అని ఇద్దరూ లంకకు వెళ్ళి అడిగారు.

"నాకేం తెలుసు? పురిటినొప్పుల్లో ఒళ్ళు తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ నా పక్కలో ఏడుస్తున్నారు" అంది మైలమాంబ.

"మరి మా ఇద్దరికీ అలా చెప్పావేం?"

"పుచ్చుకునే చేతులు రెండు ఎప్పటినుంచో చాచి ఉన్నాయి. ఇచ్చే చెయ్యి ఒక్కటైనా దొరుకుతుందేమోనని చూశాను. రెండు దొరికాయి!"

మర్నాడే రెండు ఒడ్ల బండ్లూ సామాన్లు దించి రాళ్ళు ఎత్తుకున్నాయి. ఆనకట్ట నిలిచింది. ఒక్క ఇల్లు కూడా ఊరు విడిచి పోలేదు.

పిల్లలూ, చెయ్యి చాచి నిలబడినవాడు కాదు, ముందుగా ఇచ్చినవాడే పెద్దవాడు.