ఎమెరిటస్ గారి భోజనం

రిటైరయ్యాడన్న మాటే గానీ మార్కండేయులికి మనశ్శాంతి లేదు. జీవితమంతా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పాడు, శాఖకి హెడ్‌గా చేశాడు. తీరా దిగిపోయాక ఎమెరిటస్ ప్రొఫెసర్ హోదా ఇస్తారని ఎదురుచూస్తుంటే, ఆ ఫైలు కదలదు, మెదలదు. అదేం జీతమొచ్చే హోదా కాదు. పేరు ముందు ప్రొఫెసర్ అన్న మాట, డిపార్ట్‌మెంట్‌కి వస్తే కూర్చోవడానికో కుర్చీ, అంతే. ఆ కాస్త కోసం మనిషి సగమైపోయాడు.

ఓ మధ్యాహ్నం తన గురువు నరహరి మాస్టారింటికి వెళ్లాడు. ఆయనకి ఆ హోదా ఏనాడో వచ్చింది. పైగా ఇప్పటి వైస్ ఛాన్సలర్ కూడా ఆయన శిష్యుడే.

"నా తర్వాత చేరినవాడికి ఇచ్చారు మాస్టారూ! నాకేం తక్కువ? మీరొక్క మాట చెబితే పనైపోతుంది."

"అన్నం తిన్నావా?" అన్నారు మాస్టారు.

"ఈ దిగుల్లో అన్నమొకటా!"

"పద, డిపార్ట్‌మెంట్‌లో తిందాం" అంటూ ఆయన క్యారేజీ పట్టుకుని లేచారు.

స్టాఫ్‌రూములోంచి నవ్వులు వరండా దాకా వినబడుతున్నాయి. వీళ్లిద్దరూ గుమ్మంలో కనబడగానే నవ్వులు ఆగిపోయాయి. తింటున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఇప్పటి హెడ్ అనసూయ ఒకప్పుడు మార్కండేయులి దగ్గర చదువుకున్న పిల్లే. అన్నం డబ్బా చేత్తో పట్టుకుని కుర్చీ ఖాళీ చేసింది.

"కూర్చోండి సార్."

మార్కండేయులికి సగం ఆకలి అక్కడే తీరిపోయింది. ఆహా, గౌరవమంటే ఇదీ!

మాస్టారు క్యారేజీ విప్పి, సగం అన్నం మూతలో పెట్టి అతని ముందుకు జరిపారు. తను నింపాదిగా తినడం మొదలుపెట్టారు. ఎవరూ కూర్చోలేదు.

"కూర్చోండమ్మా" అన్నాడు మార్కండేయులు.

"పర్లేదు సార్."

మళ్లీ అన్నాడు. మళ్లీ అదే జవాబు. గోడవారగా నిలబడ్డ కుర్ర లెక్చరర్ ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది. అనసూయ డబ్బా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మాస్టారు అప్పుడే పెరుగులోకి వచ్చారు.

ఇంతలో బెల్లు కొట్టారు. సగం తిన్న డబ్బాలకి మూతలు పెట్టుకుని, "వస్తాం సార్" అంటూ అందరూ క్లాసులకి వెళ్లిపోయారు.

మార్కండేయులికి ముద్ద దిగలేదు. "రోజూ ఇంతేనా మాస్టారూ?"

"రోజూ ఎందుకుంటుంది? నేనొచ్చిన రోజే."

"తెలిసీ మరెందుకు వస్తారండీ?"

మాస్టారు చెయ్యి కడుక్కొచ్చి ఉస్సురంటూ కూర్చున్నారు.

"ఇంట్లో ఒక్కణ్ణే తినబుద్ధి కాదయ్యా."

జేబులోంచి ఫోన్ తీసి అతని చేతికిచ్చారు. "నాకు కళ్లు సరిగా ఆనవు. వీసీ నంబరు నువ్వే కలుపు, చెబుతాను."

మార్కండేయులు ఫోన్ అందుకున్నాడు. ఆ గదిలోని ఖాళీ కుర్చీల వంక చూశాడు. తర్వాత ఫోన్ తీసుకెళ్లి మాస్టారి జేబులో పెట్టేశాడు.

"రేపట్నుంచి మా ఇంటికి వచ్చెయ్యండి మాస్టారూ" అన్నాడు. "ఇద్దరం కలిసి తిందాం."